కాయలు పిండిన మిషను

శివనాగరాజు లెక్కలో లోకంలో పనులు రెండే రకాలు. తాను చేసేవి, తన స్థాయికి తగనివి. మొదటి రకంలో ఏమేం ఉన్నాయో ఇన్నేళ్ళు కాపరం చేసినా మాధవీలతకి అంతు చిక్కలేదు. రెండో రకం మాత్రం కొండవీటి చాంతాడంత ఉంది. గేదెకి గడ్డి వేయడం, మోటారు దగ్గరికి పోయి నీళ్ళు మళ్ళించడం, మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తా ఎత్తి బండిలో వేయడం, ఆఖరికి తాను తిన్న కంచం తాను తీయడం, అన్నీ అందులోవే. ఆ చాంతాడుకి చిట్టచివర, బురదలో ఈడ్చుకుపోయే చోట, ఎదుటివాళ్ళ బట్టలు ఉతకడం ఉంది.

సరిగ్గా ఆ పనినే అతని పెళ్ళాం అతని ట్రాక్టరు షెడ్డులో మొదలుపెట్టింది.

మనందరి ఇళ్ళల్లో ఉండే బుల్లి మిషను కాదది. గుంటూరులో మూతపడ్డ ఒక హోటలు నుంచి కొన్నది. ముందువైపు గుండ్రటి గాజు తలుపు, లోపల మనిషి ముడుచుకుని కూర్చునేంత స్టీలు డ్రమ్ము. పక్కనే దానికి జతగా, వేడిగాలితో బట్టలారబెట్టే డ్రయ్యరు. కింద కాంక్రీటు దిమ్మె పోసి బోల్టులు బిగించకపోతే ఆ మిషను తిరిగే ఊపుకి తనంతట తానే నడుచుకుంటూ వీధిలోకి పోతుందని చెప్పి, మాధవీలత తమ్ముడు శివరామకృష్ణ దగ్గరుండి దిమ్మె పోయించాడు. పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చిన పొలాన్ని బ్యాంకులో పెట్టి తెచ్చుకుంది కాబట్టి వద్దనడానికి శివనాగరాజుకి నోరు లేదు. నోరు లేని చోట ముక్కు వాడాడు. షెడ్డు ముందు నుంచి పోయినప్పుడల్లా ముక్కు చిట్లించేవాడు. టీ బంకు దగ్గర ఎవరన్నా అడిగితే, "ఏదోలే, ఆడవాళ్ళ సరదా," అని ఈల వేసినట్టు గాలి వదిలేవాడు.

ఆ సరదాకి సత్తెనపల్లిలోని ఒక కాన్పుల ఆసుపత్రి తన దుప్పట్లు పంపేది. ఇక చూడండి, అత్తగారు వెంకటేశ్వరమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. "పురిటి గుడ్డలు కొంపలోకి తెస్తావంటే? మైల గదంటే! దేవుడున్న ఇల్లు గదంటే!" అని మూడు వీధులకి వినపడేట్టు అరిచింది. తల్లి అరుపుకి కొడుకు తాళం వేశాడు. చివరికి షెడ్డుకి వెనకవైపు, డొంకలోకి ఒక గేటు పెట్టించాక గాని ఆ ఇంటి మైల తీరలేదు. దుప్పట్లు ఆ గేటులోంచి వచ్చి ఆ గేటులోంచే పోవాలి. మాధవీలతా, ఆమెకి తోడు పనిచేసే ఎలీసమ్మా పని ముగించి కాళ్ళు కడుక్కున్నాకే ముందు వాకిట్లోకి రావాలి.

అయితే అదే డ్రమ్ములో శివనాగరాజు తెల్ల చొక్కాలు, తెల్ల పంచెలు తిరిగేవి. హోటలు మిషను కదా, కొంగ రెక్కల్లా వచ్చేవి. అవి తొడుక్కుని, కాలరు నలగకుండా మెడ నిక్కబొడుచుకుని, బజారులో నిలబడి ఆ మిషన్నే తిట్టేవాడు. మైల కూడా మనిషి ముఖం చూసి అంటుకుంటుంది కాబోలని మాధవీలత ఎలీసమ్మతో అని నవ్వుకునేది. మొగుడి విషయంలో ఆమెకి మిగిలిన సుఖం ఆ నవ్వొక్కటే.

ఆ రోజుల్లో కోతలు ముగిసి, ఊరిచివర కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఆ పొద్దున లేచేసరికే తూర్పున మబ్బు. మాధవీలత సత్తెనపల్లి బయల్దేరుతూ, వాకిట్లో వేపపుల్ల నములుతున్న మొగుడితో అంది.

"మబ్బు పట్టిందండీ. కల్లంలో కాయల మీద టార్పాలిను పట్టాలు కప్పించండి."

"ఇది కురిసే మబ్బు కాదులే. మబ్బుని చూస్తే తెలవదా నాకు? నువ్వు పోయి నీ గుడ్డల సంగతి చూసుకో."

"పట్టాలు ఎక్కడున్నాయో తెలుసా మీకు?"

"ఎక్కడుంటయ్యి? ఉన్నకాడే ఉంటయ్యి," అన్నాడు శివనాగరాజు, జమీందారు దివాణంలో తీర్పు చెప్పినట్టు.

ఆమె వెళ్ళిన పని చిన్నది కాదు. ఆసుపత్రిలో నర్సులందరి మీదా పెద్ద మహిమ సిస్టరు. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు. పుట్టిన పిల్లల్ని చుట్టే పొత్తిగుడ్డల్ని ఇంతకాలం గుంటూరు పంపేవాళ్ళు. అవి మరకలతో, ఆలస్యంగా తిరిగొస్తున్నాయి. దుప్పట్లు చూశాక ఆ గుడ్డలు కూడా మాధవీలతకే ఇద్దామని మహిమకి అనిపించింది. అది ఏడాది పొడుగునా ఆగని పని. ఊళ్ళో వాన పడ్డా, కాయ ధర పడ్డా కాన్పులు ఆగవు. అది చేతికొస్తే బ్యాంకులో ఉన్న పొలం మళ్ళీ తనదవుతుంది. దేనికీ మొగుడి ముందు చెయ్యి చాచక్కర్లేదు. మాధవీలతకి బతుకులో అంతకంటే గట్టిగా కావాల్సింది ఇంకోటి లేదు.

"దుప్పట్లు వేరు, ఇవి వేరు మాధవిగారూ," అంది మహిమ. "పుట్టీపుట్టగానే బిడ్డ ఒంటికి తగిలే గుడ్డ. మీ మిషన్లో మా బట్టలు తప్ప ఇంకేమీ పడకూడదు. మీ ఇంట్లోవాళ్ళవైనా సరే."

"పడవు సిస్టర్."

"మాటిచ్చారు. రేపు పొద్దున బండితో నేనే వస్తా. మొదటిసారి నా కళ్ళెదుట ఉతకాలి."

ఆ మాటలు అవుతుండగానే వాన దిగింది. మాధవీలత మొగుడికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. తర్వాత తెలిసిందేమంటే, ఆ సమయంలో శివనాగరాజు తన పెదనాన్న కొడుకు బుల్లయ్య పంచలో పేకాడుతున్నాడు. ఫోను చొక్కా జేబులో ఉంది. చొక్కా నలుగుతుందని విప్పి వంకెకి తగిలించాడు.

వాన వెలిసి ఎండ కాస్తుండగా ఆమె ఆటోలో ఊరికి తిరిగొచ్చింది. వీధి మలుపు తిరగ్గానే ఆటో నడిపే అల్లాబక్షుకి తుమ్ములు అందుకున్నాయి. "ఏందమ్మా ఇది, ఎవరన్నా మిరపకాయలు తగలబెట్టారా?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. వీధిలో ఆడవాళ్ళంతా అరుగుల మీద కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నారు. ఎవరింట్లోనో పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఘాటు ఎటునుంచి వస్తోందో చూస్తూ నడిచిన మాధవీలత తన షెడ్డు ముందుకొచ్చి ఆగింది.

షెడ్డులో శివనాగరాజు, బుల్లయ్య తడి తువ్వాళ్ళు ముక్కులకి కట్టుకుని, దారికాచి దోచుకునేవాళ్ళలా నిలబడి ఉన్నారు. కింద పట్టా మీద తడిసిన కాయల గుట్ట. మిషను గాజు తలుపు లోపలివైపు ఎర్రగా పూసినట్టుంది. డ్రయ్యరులోంచి పొగలాంటి ఘాటు వస్తోంది. గుమ్మం బయట ఎలీసమ్మ కొంగుతో ముక్కూ నోరూ మూసుకుని నిలబడి ఉంది.

"వచ్చావా! మంచి టయానికొచ్చావ్," అన్నాడు శివనాగరాజు. "ఇదేందో ఎర్రలైటు ఎలుగుతా ఆగిపోయింది. ఎక్కడ నొక్కాలో చెప్పు."

అతని గొంతులో సిగ్గు లేదు. భయం లేదు. మిషను సరిగ్గా పనిచేయడం లేదన్న ఫిర్యాదే ఉంది.

"నేను తలుపుకి అడ్డం నిలబడ్డా మాధవమ్మా," అంది ఎలీసమ్మ. "మా మిషను, మా కాయలు, మధ్యన నీ పెత్తనమేందన్నారు."

ఆలోచన బుల్లయ్యది. ఆ ఊళ్ళో ఏ తెలివితక్కువ ఆలోచన తొవ్వినా వేరు బుల్లయ్య పంచలోనే తేలుతుంది. తడి బట్టల్ని గిర్రున తిప్పి నీళ్ళు పిండే మిషను తడి కాయల్ని మాత్రం పిండదా? వేడిగాలి కొట్టే డ్రయ్యరు ఉండగా ఇక ఎండతో పనేముంది? ఇద్దరూ కలిసి కల్లంలో కాయలు బస్తాల్లో తెచ్చి డ్రమ్ములో కుక్కారు. శివనాగరాజు జీవితంలో మొదటిసారి బస్తా మోశాడు. మోసింది దీనికి.

వానకి తడిసిన కాయ రైతుకి కడుపుకోతే. రంగు పోతుంది, తెల్లబడి తాలుకాయ అవుతుంది, మిర్చి యార్డులో కొనేవాడు కాలితో తన్ని చూస్తాడు. అది మాధవీలతకీ తెలుసు. అతను పట్టాలు కప్పుతుంటే గాలివాన లాక్కుపోయి ఉంటే ఆమె కూడా పక్కన కూర్చుని ఏడ్చేది. పేకముక్కలు కప్పుకుని కూర్చున్నవాడి పక్కన ఏమని ఏడుస్తుంది?

ఆమె తలుపు లాగి చూసింది. డ్రమ్ము తిరిగిన ఊపుకి కాయలు గోడలకి అంటుకుని, రోట్లో కచ్చాపచ్చాగా దంచినట్టు అయిపోయాయి. గింజలు విడిపోయి డ్రమ్ము చిల్లులన్నిట్లో దిగబడ్డాయి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతలో పిడికెళ్ళకొద్దీ గింజలు. నీళ్ళు బయటికి పోయే గొట్టం పూడుకుపోయి మిషను ఆగింది. డ్రయ్యరులో పడ్డ వాయి వేడికి మాడి వీధి మొత్తాన్ని దగ్గించింది. ఆరిన కాయ ఒక్కటి లేదు.

"నిన్న ఈ డ్రమ్ములో ఏం తిరిగినయ్యండీ?" అంది ఆమె, చాలా నెమ్మదిగా.

"ఏం తిరిగితే ఏంది?"

"పురిటి దుప్పట్లు. మైల గదా? ఈ కాయల్ని రేపు జనం తింటారు గదా?"

శివనాగరాజు ముక్కుకి కట్టిన తువ్వాలు సర్దుకున్నాడు. ఇంట్లోంచి, కిటికీ చువ్వల మధ్య నుంచి, దగ్గుతూనే వెంకటేశ్వరమ్మ అందుకుంది. "పంట లక్ష్మే! లక్ష్మికి మైలేంది, నీ నోట్లో మన్ను!"

మాధవీలతకి నవ్వొచ్చింది. డొంకలోకి వేరే గేటు పెట్టించిన మైల, గడప దాటకూడదన్న మైల, ఒక్క వానకి కొట్టుకుపోయింది. వీళ్ళ ఆచారం గొడుగు లాంటిది. తమకి కావలసినప్పుడు తెరుస్తారు, అక్కర్లేనప్పుడు మూలన పెడతారు.

"నవ్వుతావేందే," అని శివనాగరాజు కసిరాడు. "ఎవరి కోసం చేశా? దివ్య సీమంతం ఎట్టా చెయ్యాల? నీ కూతురు కోసం గాదా ఈ పాట్లు!"

శ్రీదివ్య వాళ్ళ ఒక్కతే కూతురు. మొగుడితో ఒంగోలులో ఉంటోంది. ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. సీమంతం చేసి, తొలికాన్పుకి పుట్టింటికి తీసుకురావాలి. ఆ కాన్పు మీద శివనాగరాజుకి ఉన్న గర్వం అంతా ఇంతా కాదు. ముందు గదికి సున్నం వేయించాడు. ఉయ్యాలలో వేసే రోజు ఊరందరికీ భోజనాలని టీ బంకులో ఇప్పటికే చెప్పేశాడు. పనికొచ్చినప్పుడల్లా కూతురి పేరు చెప్పి తప్పుకోవడం కూడా అలవాటు చేసుకున్నాడు.

"రేపు పొద్దున పసిపిల్లల గుడ్డలొస్తన్నయ్యి," అంది మాధవీలత.

"అయితే ఓసారి సర్ఫేసి నీళ్ళతో తిప్పు. పోద్ది."

మిరప మంట నీళ్ళతో పోదు. నూనె రాస్తే గాని వదలదు. అది ఈ నేల మీద తొడిమలు తీసే ప్రతి ఆడదానికీ తెలుసు. మిరప చేలో కట్టుకున్న చీర మిగతా బట్టల్లో కలపరు, ఆరేసే తీగ కూడా వేరు. మగవాళ్ళకి ఇది తెలియదు. వాళ్ళ చేతులు మండేదాకా పని వాళ్ళ దగ్గరికి వస్తేగా తెలియడానికి.

మాధవీలతా ఎలీసమ్మా చీర చెంగులు బిగించి దిగారు. గొట్టం విప్పి పూడిక తీశారు. రబ్బరు మడతలోని గింజల్ని తలపిన్నులతో ఒక్కొక్కటే లాగారు. డ్రమ్ము లోపలికి నడుం దాకా దూరి వేరుశనగ నూనె పట్టించి, పాత గుడ్డలతో తుడిచి, మళ్ళీ పట్టించారు. చేతులు మోచేతుల దాకా మండుతున్నాయి. బుల్లయ్య గేదె పాలు తీసే వేళయిందంటూ వెళ్ళిపోయాడు. ఆయనకి గేదె లేదు. శివనాగరాజు వసారాలో మంచం వాల్చుకుని, "ఆ బోల్టు సరిగ్గా బిగించండి," అని అక్కడినుంచే సలహా ఇచ్చాడు. చీకటి పడేసరికి చాకలి సోడా వేసి, నీళ్ళు మరిగేంత వేడిలో ఉత్తి డ్రమ్ము తిప్పి వదిలేశారు.

తెల్లారింది. ఉత్తి డ్రమ్ము తిప్పితే ఏమీ తెలియదు, గుడ్డ పడితేనే తెలుస్తుంది. మాధవీలత ఇంట్లోకి వెళ్ళి, బీరువా తెరిచి, శివనాగరాజు తెల్ల చొక్కాలన్నీ చంకన పెట్టుకుని వచ్చింది.

"ఇంట్లో పాత గుడ్డల్లేవా?" అని అతను వెంటపడ్డాడు.

"ఉన్నయ్యి. అవేం పాపం చేసినయ్యి?"

చొక్కాలు తిరిగాయి. ఆమె ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. "ముఖం తుడుచుకోండి. కళ్ళు కూడా."

"నేనా?"

"మరి ఎలీసమ్మ తుడుచుకోవాల్నా? కాయలు ఎవరు పోశారు?"

అప్పటికే గేటు దగ్గర జనం పోగయ్యారు. పళ్ళు తోముకుంటూ బుల్లయ్య, వెనక ఇంకో నలుగురు. రాత్రంతా దగ్గినవాళ్ళు, వినోదం వదులుకుంటారా? శివనాగరాజు వాళ్ళకేసి చూసి, మీసం దువ్వి, చొక్కాతో ముఖం రుద్దుకున్నాడు. మరుక్షణం కెవ్వుమన్నాడు. వెంకటేశ్వరమ్మ మజ్జిగ ముంతతో పరుగెత్తుకొచ్చి కొడుకు ముఖాన కుమ్మరించింది. గేటు దగ్గర నవ్వులు.

మళ్ళీ నూనె, మళ్ళీ సోడా, మళ్ళీ వేడినీళ్ళు. మళ్ళీ చొక్కాలు. ఈసారి అరవలేదు గాని, పళ్ళు బిగబట్టి కాసేపు గంతులు వేశాడు. బుల్లయ్య తాళం వేశాడు. "ఒరేయ్ నాగరాజూ, నీకు కొత్త పెళ్ళికొడుకు కళ వచ్చిందిరోయ్!" శివనాగరాజు ముఖం కందగడ్డ అయింది.

ఇంకోసారి అంతా చేసి, ఇంకో చొక్కా ఇచ్చింది. అతను ముఖం తుడుచుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. కదలకుండా నిటారుగా నిలబడ్డాడు.

"మండిందా?"

"లేదు. చల్లగా ఉంది."

"నిజంగా?"

"లేదన్నా గదా! ఇంకెంతసేపు ఈ తమాషా? పోయింది. నీ మిషను గంగలో మునిగినంత పవిత్రంగా ఉంది పో."

గేటు దగ్గర నిరాశ పడ్డ జనం "శభాష్" అన్నారు. మాధవీలతకి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. తప్పు చేసినా, పదిమంది ఎదుట నిలబడి దాన్ని దిద్దడానికి ముఖం ఇచ్చాడు. మగవాళ్ళలో అది కూడా చేయనివాళ్ళుంటారు. ఆ క్షణాన ఆమెకి మొగుడి మీద జాలి, దాని వెనకే కాస్త అభిమానం కూడా కలిగాయి. ఎన్నాళ్ళయిందో అలా అనిపించి.

ఆసుపత్రి బండి డొంకలోకి వచ్చి ఆగింది. మహిమ సిస్టరు దిగి మూట తానే తెచ్చింది. విప్పితే మూరెడేసి మెత్తటి గుడ్డలు, ఎన్నో ఉతుకులకి పల్చబడినవి. మాధవీలత వాటిని ముట్టుకోబోయి, చేతులకి ఇంకా నూనె ఉందని, సబ్బుతో కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది.

నీళ్ళతొట్టి వెనక శివనాగరాజు గోడకి ఆనుకుని కూలబడి ఉన్నాడు. తల్లి అతని కనురెప్పల మీద వెన్న రాస్తోంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

మాధవీలత వెనక్కి షెడ్డులోకి వెళ్ళింది. ఆ చివరి చొక్కా తీసి తన కళ్ళకి అద్దుకుంది. మొదటంత లేదు. కానీ ఉంది. రెప్పల అంచున సన్నగా మొదలై, లోపలికి పాకి, నీళ్ళు కారేదాకా వదల్లేదు. పుట్టినప్పటి నుంచీ మిరపకాయల మధ్య పెరిగిన కళ్ళు ఆమెవి. ఇప్పుడే లోకంలోకి తెరుచుకునే కళ్ళ సంగతి తల్చుకుంది. చొక్కా చేత్తో పట్టుకునే మళ్ళీ పెరట్లోకి వచ్చింది.

"మండలేదన్నారు?"

శివనాగరాజు ఒక కన్ను బలవంతాన తెరిచాడు. "అరవబాక. జనం వింటారు."

"మండుతుంటే మండలేదని ఎందుకు చెప్పారు?"

"ఇంకెన్నిసార్లు గంతులెయ్యమంటావు, ఆ బుల్లయ్యగాడు పళ్ళికిలిస్తా ఉంటే? అయినా కొంచెమేగా ఉంది. ఇంకో రెండుసార్లు తిరిగితే అదే పోద్ది."

"ఆ రెండుసార్లూ పసిపిల్లల గుడ్డలు తిరుగుతయ్యండీ."

"తిరిగితే? పుట్టినోళ్ళు ఎటూ ఏడుస్తానే ఉంటారు. మంటకి ఏడిచారో ఆకలికి ఏడిచారో ఎవడికి తెలుస్తది? వాళ్ళేమన్నా నోరు తెరిచి చెబుతారా?"

ఇన్నేళ్ళూ మాధవీలత ఆ మనిషిని చూసి నవ్వుకుంది. సోమరి అనుకుంది, డాంబికుడు అనుకుంది, పైన పటారం లోన లొటారం అనుకుంది. నవ్వుతూ ఎవరితోనైనా కాపరం చేయొచ్చు. ఇప్పుడు నవ్వు రాలేదు. అతని ముఖం మీద కారుతున్న వెన్నని చూస్తే అసహ్యం వేసింది.

ఆమె షెడ్డులోకి వెళ్ళింది. మూట మళ్ళీ కట్టేసి మహిమ చేతికి ఇచ్చింది.

"తీసుకెళ్ళండి సిస్టర్. నిన్న ఈ మిషన్లో మిరపకాయలు తిప్పారు. శుభ్రం చేశాం గాని ఇంకా పోలేదు."

"మిరపకాయలా?" మహిమ మిషనుకేసి, గేటు దగ్గర జనంకేసి చూసింది. "ఎవరు తిప్పారు?"

ఇంతకుముందు ఎవరడిగినా ఏదో ఒకటి చెప్పి మొగుడి పరువు కప్పేది. పెళ్ళైన నాటి నుంచి ఆమె చేసిన చాకిరీలో సగం అదే.

"మా ఆయన," అంది, గేటు దాకా వినపడేట్టు. "ఇంకా మండుతోందని తెలిసి కూడా మండట్లేదని చెప్పాడు. పిల్లలు ఎటూ ఏడుస్తారంట, ఎవరికీ తెలియదంట."

గేటు దగ్గర ఎవరూ నవ్వలేదు. బుల్లయ్య వేపపుల్ల నోట్లోంచి తీసి కింద పడేశాడు. మహిమ మూటని రెండు చేతులతో గుండెకి ఆనించుకుంది.

"చెప్పినందుకు మంచిది," అంది. "కానీ ఈ ఇంట్లో ఉన్నంతకాలం ఈ మిషను మీద నాకు నమ్మకం కుదరదు. మీ మీద కాదు. గుడ్డలు ఇవాళ గుంటూరే పోతాయి. మీరు వేరే చోటు చూసుకుంటే కబురు చెయ్యండి. ఉతికిన గుడ్డ ముందు నా కళ్ళకి పెట్టుకుని చూస్తా." బండి ఎక్కి వెళ్ళిపోయింది.

శివనాగరాజు తడుముకుంటూ వచ్చాడు. "నడిబజార్లో నా పరువు తీశావు గదే!"

మాధవీలత తమ్ముడికి ఫోన్ చేసి, బోల్టులు విప్పే సామాను తీసుకుని రమ్మంది. సత్తెనపల్లిలో మూడు ఫేజుల కరెంటున్న గది చూడమంది. ఆ తర్వాత, అతను వింటుండగానే, ఒంగోలుకి చేసింది.

"దివ్యా, నేనే. సీమంతం అయ్యాక ఈ ఇంటికి రాబాకమ్మా. నేను సత్తెనపల్లిలో ఉంటా. నీ పురుడు అక్కడే పోస్తా."

"అదేందమ్మా?" అంది దివ్య. "ఏమైంది?"

శివనాగరాజు ఫోను కోసం చెయ్యి చాచాడు. "తొలికాన్పు! పుట్టింట్లో గాకుండా అద్దె కొంపలోనా? సున్నం వేయించా. ఊరందరికీ చెప్పా. రేపు నేను బజార్లో తలెట్టా ఎత్తుకుంటా? ఇటియ్యి ఫోను, దాంతో నేను మాట్లాడతా."

"మాట్లాడండి," అంది మాధవీలత. "ఇందాక నాతో అన్న మాట దానితో కూడా అనండి. పుట్టినోళ్ళు ఎటూ ఏడుస్తానే ఉంటారని, ఎందుకేడిచారో ఎవరికీ తెలియదని. కడుపుతో ఉన్న మీ కూతురితో ఆ మాట అనగలిగితే, ఇక్కడికే రమ్మంటా."

ఫోను అతని చేతిలో పెట్టింది.

"నాన్నా," అంది దివ్య. "ఏందంట నాన్నా? అమ్మ ఏమంటంది?"

శివనాగరాజు నోరు తెరిచాడు. గేటు దగ్గర జనం ఇంకా కదల్లేదు. మాధవీలత అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది.

"నాన్నా, వినపడుతుందా? మాట్లాడవేం?"

అతను ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. అవతల కూతురు పిలుస్తూనే ఉంది.